ప్లేనోలో కొరియా తద్దినం

రిటైరై ఏడాది దాటింది. కుదురు మాత్రం రాలేదు. కొరియా షాపుకి వెళ్ళి సోయా పేస్టు డబ్బా చేతిలోకి తీసుకుంటే చాలు, దాని వెనక అంటించిన ఇంగ్లీషు చదువుతూ నిలబడిపోతాను. ఏ మెషీనుతోనో అనువాదం చేయించిన ముక్క అది. చెయ్యి దానంతటదే హ్యాండ్‌బ్యాగులో పెన్ను కోసం వెతుకుతుంది. మా ఆయన ట్రాలీ పట్టుకుని వెనక నిలబడి, "అది కొనడానికా, దిద్దడానికా?" అంటారు.

వీకెండు భోజనాల్లో కలిసే మీలాంటి పిల్లలు, అంటే మాస్టర్స్ చేస్తున్నవాళ్ళూ, హెచ్‌వన్ మీద కొత్తగా చేరినవాళ్ళూ, నన్ను తప్పకుండా ఒక మాట అడుగుతారు. "ఆంటీ, మీరు తెలుగువాళ్ళు కదా, కొరియా గురించి రాయడమేంటి?" ఆ వెంటనే ఏ హీరోని కలిశారని అడుగుతారు. ఏ హీరోనీ కలవలేదమ్మా. డ్రై క్లీనింగ్ షాపులవాళ్ళను కలిశాను, పచ్చళ్ళు పెట్టి అమ్మేవాళ్ళను కలిశాను. వాళ్ళలో ఒక ముసలావిడ గురించి ఇప్పుడు చెబుతాను. నా కుదురు లేనితనానికి సగం కారణం ఆవిడే.

కాకినాడలో కాలేజీ పిల్లలకు ఇంగ్లీషు చెప్పేదాన్ని. మా ఆయన ఉద్యోగం వెంట టెక్సస్‌లోని ప్లేనో వచ్చాను. నా చేతికి వర్క్ పర్మిట్ వచ్చేసరికి నాకు ఉద్యోగమిచ్చే వయసు దాటిపోయిందని అందరూ మర్యాదగా చెప్పారు. ఆ రోజుల్లో పక్క ఊళ్ళో, కొరియా సూపర్‌మార్కెట్ ఉన్న కాంప్లెక్సులో, పళ్ళ డాక్టరుకీ నూడుల్స్ హోటల్‌కీ మధ్య ఒక గదిలో చిన్న పత్రిక నడిచేది. కొరియా సమాజం గురించి, సంస్కృతి గురించి బయటిదేశాలవాళ్ళకు ఇంగ్లీషులో చెప్పే పత్రిక. దాని యజమాని ఒక కొరియా పెద్దమనిషి. పెద్దగా మాట్లాడడు. ఎవరొచ్చినా ముందు "భోజనం చేశారా?" అనే అడుగుతాడు. నన్నూ అదే అడిగాడు. చేశానన్నాను.

"మా సంగతి మావాళ్ళు రాస్తే అన్నీ వదిలేస్తారు. అందరికీ తెలిసిందేగా అనుకుంటారు. నాకు తెలియని మనిషి కావాలి," అన్నాడు.

తెలియకపోవడమే అర్హత అయిన ఉద్యోగం నాకు జీవితంలో అదొక్కటే దొరికింది.

ఆఫీసులో నన్ను అందరూ టీచర్ అనేవారు. కొరియావాళ్ళు పెద్దవాళ్ళను పేరు పెట్టి పిలవరు. ఇది విన్న రోజున నా ప్రాణం లేచొచ్చింది. అక్కణ్ణుంచి ఎక్కడ చూసినా మన ఇల్లే కనిపించడం మొదలైంది. చెప్పులు గుమ్మం బయట విడవడం, కొత్త మనిషి కనబడగానే వయసు అడిగి వరస తేల్చుకోవడం, ఏడాది పిల్లాడి ముందు పుస్తకం, డబ్బు, దారం పెట్టి ఏది పట్టుకుంటాడో చూడడం. మన అన్నప్రాసనలో చేసేది అదే కదా! ఇవన్నీ రాశాను. పాఠకులు మెచ్చుకున్నారు. నేను కొంచెం ఉబ్బాను.

మా పత్రికకు బొమ్మలు, పేజీలు చూసే అమ్మాయి ఒకర్తి ఉండేది. టెక్సస్‌లో పుట్టింది, కొరియన్ అంతంతమాత్రం. నా వ్యాసం రాగానే పైకి చదివి, "టీచర్, ఈసారి కూడా సేమ్ టు సేమ్ యేనా?" అనేది. మా మాటలన్నీ ఇంగ్లీషులోనే. మీకోసం మన భాషలో పెడుతున్నాను.

ఆ అమ్మాయి తండ్రి ప్లేనోలో డ్రై క్లీనింగ్ షాపు నడిపేవాడు. గుండె ఆగి పోయాడు. ఒక్కతే కూతురు. ఏడాది తిరిగి తిథి వస్తోంది. దాన్ని వాళ్ళు జేసా అంటారు. చనిపోయినవాళ్ళకు ఫొటో ముందు బల్ల మీద భోజనం పెట్టి, బియ్యంతో చేసిన సారా పోసి, సాష్టాంగపడి దణ్ణం పెడతారు. పోసేది కొడుకు. కొడుకు లేకపోతే తమ్ముడు. తమ్ముడు అట్లాంటాలో ఉన్నాడు.

"నేను పోస్తాను," అంది అమ్మాయి ఒకరోజు మధ్యాహ్నం, నా టేబులు మీద చేతులానించి. "నానమ్మ అవుననడం లేదు, కాదనడం లేదు. మా ఇంట్లో జేసా గిన్నెలున్నాయి, చెక్కవి. తాతయ్యవి. అవి ఎవరింట్లో ఉంటే వాళ్ళే తిథి పెట్టాలి. చిన్నాన్న అట్లాంటా నుంచి డ్రైవ్ చేసుకుని వస్తున్నాడు, వెళ్ళేటప్పుడు వాటిని కార్‌లో పెట్టుకుని పోదామని. పోయాయంటే ఇక మా నాన్నకి నేను గెస్ట్‌ని. ప్రతి ఏడూ టికెట్ బుక్ చేసుకుని వెళ్ళి ఓ మూల నిలబడాలి. అమ్మ కూడా అంతే."

"నేనేం చెయ్యగలను?"

"మీరు రండి. రాయడానికి వచ్చానని చెప్పండి. బయటి పెద్దమనిషి ఎదురుగా ఉంటే నానమ్మ నన్ను పక్కకి పొమ్మనదు. అన్నీ అయ్యాక అందరితో కూర్చుని తిందనుకోండి, ఒప్పుకున్నట్టే."

యజమానికి చెబితే తలూపాడు. కవర్ స్టోరీ అన్నాడు. కూతురు పెట్టే తిథి అంటే బయటిదేశాల్లో ఎగబడి చదువుతారని ఆయన లెక్క. నాకూ ఉత్సాహంగానే ఉంది గానీ, లోపల ఇంకేదో కెలికింది. మా నాన్నకు కూడా నేనొక్కదాన్నే. తద్దినం కాకినాడలో మా పెదనాన్న కొడుకు పెడతాడు, నాకు తమ్ముడు వరస. నేను ప్లేనోలో సోఫాలో కూర్చుని వాట్సాప్ వీడియోలో చూస్తాను. సిగ్నల్ పోతే పిండాలు కూడా ఆగిపోతాయి. ఆ సంగతి అమ్మాయికి చెప్పలేదు.

అనుకున్న సాయంత్రం వెళ్ళాను. వంటింట్లో అమ్మాయి తల్లి చెప్పిన మాట వింటే మా కాకినాడ వంటిల్లే గుర్తొచ్చింది. జేసా వంటలో వెల్లుల్లి వెయ్యరట, ఎర్ర కారం వెయ్యరట. మన తద్దినం వంటలో ఉల్లీ వెల్లుల్లీ ఉండవు, మిరపకాయ బదులు మిరియాలు. సముద్రాలకు అటొకరూ ఇటొకరూ, చచ్చిపోయినవాళ్ళకు కారం పడదని ఇద్దరికీ ఎవరు చెప్పారో! సేమ్ టు సేమ్ అని నా నోట్లోంచే వచ్చింది. ఆ క్షణం నుంచి నేను అడగడం మానేశాను. నాకంతా తెలిసినట్టే అనిపించింది.

ముందు గదిలో బల్ల. దాని మీద పొట్టి కాళ్ళ ముదురు రంగు చెక్క గిన్నెల్లో అన్నం, చేప, కూరలు, రేగుపళ్ళు, బేరిపళ్ళు. వెనక తండ్రి ఫొటో. షాపు ముందు నిలబడి తీయించుకున్నది, చేతిలో ఎవరిదో ఇస్త్రీ చేసిన కోటు. పెద్దావిడ గోడవారగా కుర్చీలో నిటారుగా కూర్చుంది. ఆత్మ రావడానికి వీధి తలుపు ఓరగా తీసి పెట్టారు. బయట టెక్సస్ వేడి, లోపల ఏసీ. చిన్నాన్న ఆ తలుపు వైపే చూస్తున్నాడు, కరెంటు బిల్లు తనది కాకపోయినా.

అమ్మాయి నల్ల బట్టలు వేసుకుని వచ్చి అగరుబత్తి వెలిగించింది. వెంటనే సీలింగ్ మీద స్మోక్ అలారం కుయ్యోమంది. తల్లి పరుగెత్తుకొచ్చి కుర్చీ ఎక్కి తువ్వాలు విసురుతోంది. ఎవరూ నవ్వలేదు. నేను పెదవి కొరుక్కున్నాను. అలారం ఆగాక అమ్మాయి రెండు చేతులతో కప్పు పట్టుకుంది. సారా పోయించుకుని, పొగ మీద గుండ్రంగా తిప్పి, ఫొటో ముందు పెట్టి, నేలకు నుదురు ఆనించింది. లేవలేదు. భుజాలు కదులుతున్నాయి. చిన్నాన్న ముందుకు ఒక అడుగు వేశాడు. పెద్దావిడ చెయ్యెత్తి ఆపింది.

అంతా సవ్యంగా జరిగిపోయింది. బల్ల మీదవన్నీ తీసి భోజనాల బల్ల మీదకు చేర్చారు. పెద్దావిడ తనే లేచి ఒక పళ్ళెంలో అన్నీ కొంచెం కొంచెం సర్ది, చిన్న కప్పులో ఆ సారా పోసి, అందరికంటే ముందు నా ముందు పెట్టింది.

నేను రెండు చేతులూ జోడించి పళ్ళేన్ని సున్నితంగా వెనక్కి జరిపాను. తినే వచ్చానన్నాను.

మీలో కొందరికి వెంటనే అర్థమై ఉంటుంది. తద్దినం భోజనం పరాయివాళ్ళు తినకూడదు. చిన్నప్పుడు పక్కింట్లో తద్దినమైతే మా మామ్మ మమ్మల్ని ఆ గుమ్మం తొక్కనిచ్చేది కాదు, అది వాళ్ళ పెద్దలది, మనం చెయ్యి పెట్టకూడదని. ఆ పళ్ళెం ఆ చనిపోయిన మనిషిది, అతని వాళ్ళది. నేనెవర్ని? అంత గౌరవంతో జరిపాను దాన్ని.

అక్కడితో ఆగానా? చావు సంబంధమైన ఇంటి నుంచి వెళ్ళొస్తానని చెప్పి రాకూడదు కదా. మళ్ళీ ఇలాంటి పనికే వస్తానన్నట్టు అవుతుంది. అందుకని వాళ్ళందరూ కూర్చుంటూ ఉండగా ఎవరికీ చెప్పకుండా, పెద్దావిడకు కనీసం తల కూడా వంచకుండా, చెప్పులేసుకుని మెల్లగా బయటపడ్డాను. కార్‌లో కూర్చుని, ఎంత పద్ధతిగా నడుచుకున్నానో అని మురిసిపోయాను కూడా.

మర్నాడు అమ్మాయి ఆఫీసుకి రాలేదు. యజమాని వచ్చి నా టేబులు ముందు నిలబడ్డాడు. భోజనం చేశారా అని అడగలేదు. అమ్మాయి ఫోన్ చేసి అంతా చెప్పిందట.

"టీచర్, ఎందుకు తినలేదు?"

చెప్పాను. వింటూ వింటూ ఆయన కళ్ళు మూసుకున్నాడు.

"జేసాలో అసలైనది చివర తినడమే. పెద్దవాళ్ళు తిన్నదాంట్లోంచి వాళ్ళ దీవెన మనకొస్తుంది. ఇంట్లోవాళ్ళకే కాదు, వచ్చినవాళ్ళకి, ఇరుగుపొరుగుకి కూడా పంచుతారు. మీరు తోసేసి లేచిపోయారు. ఆవిడ ఏమనుకుందో తెలుసా? ఇండియావాళ్ళు కూడా పాత పద్ధతులవాళ్ళు, పెద్దల సంగతి తెలిసినవాళ్ళు. అలాంటావిడే ముట్టుకోలేదంటే ఆడపిల్ల పోసింది చెల్లలేదన్నమాట. ఇలా అనుకుంది. తనూ తినలేదు. గిన్నెలు డబ్బాలో సర్దేశారు. రేపు పొద్దున్న అమ్మాయి చిన్నాన్న బయల్దేరతాడు."

ఆ పిల్ల నన్ను పిలిచింది ఆసరాకి. నేను వెళ్ళి దాని కాళ్ళ కింద నేల లాగేశాను, అదీ భక్తితో. ఎన్ని వ్యాసాలు రాశాను, ఎందరు మెచ్చుకున్నారు! ఆ ఒక్క పళ్ళెం ముందు మాత్రం పక్కనున్న మనిషిని "ఇప్పుడేం చెయ్యాలి?" అని అడగలేకపోయాను. తెలియని మనిషి కావాలని ఆయన నన్ను పెట్టుకుంటే, అన్నీ తెలిసిపోయిన మనిషినై కూర్చున్నాను.

ఆ సాయంత్రం ఇంట్లో హాలు ఈ మూల నుంచి ఆ మూలకు తిరుగుతూనే ఉన్నాను. అమ్మాయికి ఫోన్ చేస్తే ఎత్తలేదు. మెసేజ్ పెడితే చూసి ఊరుకుంది.

"ఇలా తిరిగేకన్నా వెళ్ళి చెప్పరాదూ?" అన్నారు మా ఆయన.

"ఏమని చెప్పను? మీ తద్దినం మా తద్దినంలా ఉంటుందనుకున్నానని చెప్పనా?"

"అదే చెప్పు. నిజమే కదా."

పొద్దున్నే వెళ్ళాను. డ్రైవ్‌వేలో అట్లాంటా నుంచి వచ్చిన కారు, డిక్కీ తెరిచి ఉంది. లోపల కార్డ్‌బోర్డు డబ్బా. చిన్నాన్న దాన్ని తాడుతో బిగిస్తున్నాడు. నన్ను చూసి మర్యాదగా తల వంచి మళ్ళీ పనిలో పడ్డాడు. తలుపు తీసింది అమ్మాయే. కళ్ళు వాచి ఉన్నాయి.

"సేమ్ టు సేమ్ చేశారు కదా టీచర్," అంది.

"చేశాను. ఇప్పుడు మీ నానమ్మకి చెప్పాలి. నువ్వు తర్జుమా చెయ్యి."

"నా కొరియన్‌తోనా?"

"ఉన్నదాంతోనే."

పెద్దావిడ వంటింటి బల్ల దగ్గర కూర్చుని వెల్లుల్లి ఒలుస్తోంది. తిథి అయిపోయింది కదా, వెల్లుల్లి తిరిగొచ్చింది. నేను ఆవిడ ఎదురుగా నేల మీద కూర్చున్నాను. తద్దినం గురించి చెప్పాను. మిరియాల కూరలు, పరాయివాళ్ళు ముట్టని వంట, చెప్పకుండా వచ్చెయ్యడం, అన్నీ. అమ్మాయి తడుముకుంటూ, సగం మాటలు చేతులతో చెబుతోంది. అమ్మాయి పోసినందువల్ల కాదు, అది మీ అబ్బాయి భోజనం అనుకున్నందువల్ల ముట్టలేదని చెప్పాను. ఆ మాట ఆవిడకు చేరిందో లేదో తెలియలేదు. ఆవిడ చేతులు ఆగలేదు.

ఇంకో రెబ్బ ఒలిచి ఏదో అడిగింది.

"మీ నాన్నకి ఎవరు పెడతారు అంటోంది," అంది అమ్మాయి.

తప్పించుకుందామనుకున్నాను. ఆ పిల్ల నా ముఖంలోకే చూస్తోంది. చెప్పేశాను. నేనొక్కదాన్నే కూతుర్ననీ, తమ్ముడి వరసవాడు పెడతాడనీ, నేను ఫోన్‌లో చూస్తాననీ.

ఆవిడ వెల్లుల్లి పక్కన పెట్టింది. "నువ్వు పెడతానని అడిగావా?"

"లేదండీ."

"ఎందుకు?"

ఏళ్ళ తరబడి ఎదుటివాళ్ళ ఇళ్ళలో కూర్చుని ఎందుకు, ఎందుకు అని అడిగి బతికినదాన్ని. ఏడుపొచ్చింది, ఏడ్చాను.

ఆవిడ లేచి ఫ్రిజ్ తెరిచింది. జేసా నాటి అట్లు మిగిలి ఉన్నాయి. జుకినీ అనే దోసకాయలాంటి కాయ ముక్కలకు గుడ్డు పూసి కాల్చినవి. ఒకటి పళ్ళెంలో పెట్టి, వేడి కూడా చెయ్యకుండా, నా ముందుకు తోసింది. నేను పుట్టి బుద్ధెరిగాక గుడ్డు తినలేదు. ఇండియన్ స్టోరులో కేకు కొన్నా గుడ్డు లేనిదని రాసి ఉందో లేదో చూసి మరీ కొంటాను. ఆ అట్టు తిన్నాను. చల్లగా, చప్పగా ఉంది. రెండోది పెట్టింది. అదీ తిన్నాను. అప్పుడు తనూ ఒకటి తీసుకుని నోట్లో పెట్టుకుంది. అమ్మాయి గోడకానుకుని నిలబడి, రెండు చేతులతో నోరు మూసుకుంది.

చిన్నాన్న లోపలికొచ్చి, బయల్దేరతానని తల్లికి వంగి దణ్ణం పెట్టాడు. ఆవిడ నములుతూనే ఏదో అంది. అతను ఆగిపోయాడు. మళ్ళీ ఏదో అడిగాడు. ఆవిడ అదే మాట ఇంకోసారి అంది, కాస్త గట్టిగా. అతను బయటకు వెళ్ళి తాడు విప్పి డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"ఏమంది?" అన్నాను.

"గిన్నెలు సరిగ్గా ఆరలేదంటోంది. తడి చెక్క డబ్బాలో పెడితే పగుళ్ళిస్తుందట. ఇక్కడే ఆరాలట," అంది అమ్మాయి.

ఒక గిన్నె తీసి చూశాను. ఎముకలా పొడిగా ఉంది.

కవర్ స్టోరీ రాలేదు. ఆ ఇంటి సంగతి రాయనన్నాను, యజమాని బలవంతపెట్టలేదు. పేజీ ఖాళీగా ఉందంటే జుకినీ అట్టు ఎలా చేయాలో రాసిచ్చాను. అన్ని దేశాల నుంచీ మెచ్చుకుంటూ మెయిల్స్ వచ్చాయి. నేను రాసినవాటిలో జనం అంతగా చదివింది మరొకటి లేదు.

అప్పటి నుంచీ ఏటా ఆ తిథికి వెళ్తున్నాను. అమ్మాయే పోస్తుంది. అలారం బ్యాటరీ ముందే తీసేస్తున్నారు. నేను అందరికంటే ముందు తింటాను, వచ్చేటప్పుడు గుమ్మంలో నిలబడి తెలుగులోనే వెళ్ళొస్తానండీ అని గట్టిగా చెబుతాను. చిన్నాన్న అట్లాంటా నుంచి ఫోన్‌లో గిన్నెల మాటెత్తితే, ఇంకా ఆరలేదని పెద్దావిడ జవాబు. వెళ్ళిన ప్రతిసారీ నన్ను మాత్రం ఒకటే అడుగుతుంది. "అడిగావా?" లేదంటాను. తల పంకించి, ఇంకో అట్టు వేస్తుంది. ఆ ప్రశ్న నన్ను ఏడాదంతా నిలవనివ్వదు. సోఫాలో కూర్చుంటే లేపేస్తుంది.

ఈ ఏడు కాకినాడ ఫోన్ చేశాను. నాన్న తిథి నేను పెట్టుకుంటానన్నాను.

"ఇదేంటక్కా కొత్తగా? ఆడవాళ్ళు పెట్టొచ్చో లేదో పంతులుగార్ని అడగాలి కదా. అడిగి చెప్తాలే," అన్నాడు తమ్ముడు. చెడ్డవాడు కాదు. ఇన్నేళ్ళూ శ్రద్ధగా పెట్టాడు. నెలలు గడిచాయి. అడుగుతూనే ఉన్నాడు.

పోయిన వారం ఆ తిథికి వెళ్ళాను. పెద్దావిడకు ఇప్పుడు చూపు ఆనదు, అట్టు తడుముకుని పళ్ళెంలో వేస్తుంది. అడిగావా అంది. అడిగాను, వాళ్ళింకా పంతులుగార్ని అడుగుతున్నారన్నాను. అమ్మాయి తర్జుమా చేసింది. కొరియన్ బాగా మెరుగుపడింది దానికి. ఆవిడ పగలబడి నవ్వింది. ఆవిడ నవ్వడం నేను చూడ్డం అదే మొదలు.

"నేను మాత్రం ఎవర్నడిగాను? గిన్నెలు తడిగా ఉన్నాయన్నాను, అంతే. నువ్వూ ఏదో ఒకటి తడిపి పెట్టుకో," అంది.

ఇంటికొస్తూ ఇండియన్ స్టోరు దగ్గర కారాపి నాన్న తిథికని నల్ల నువ్వులు కొన్నాను. వాటిని కడిగి, వంటింటి కిటికీ దగ్గర పళ్ళెంలో పోసి పెట్టాను.